పంక్తిలో చివరి చోటు

పొద్దున పక్కింటి కోడలు స్టీలు గిన్నెలో ఎళ్ళమాస పండుగ బజ్జికూర పంపింది. మూత తీయగానే చింతపండు పులుసులో ఉడికిన పచ్చి కందులు, పచ్చి శనగలు, మెంతికూర కలగలిసిన వాసన గదంతా నిండింది. నేను ముట్టలేదు. ఇంట్లో అందరూ తిన్నాకే తింటాను. మా పిల్లలు దీన్ని చాదస్తమంటారు. నేను ఫిర్యాదంటాను, ఇన్నేళ్లుగా ఎవరూ విచారించని ఫిర్యాదు.

అది నిజాం కాలం. మా అమ్మకూ నాయనకూ పడక, నాకు నాలుగేళ్లప్పుడే అమ్మ నన్ను చంకనేసుకొని జహీరాబాద్‌లోని తాత ఇంటికి వచ్చేసింది. పెద్దమనుషులు కూర్చొని ఒక కట్టుబాటు చేశారు. పిల్ల తల్లి దగ్గరే పెరగాలి. తండ్రి ఏటా కోతలయ్యాక బండెడు జొన్నలు, దసరాకు బట్టలు పంపాలి. అవి వచ్చినన్నాళ్లూ పిల్ల అతని ఇంటి పిల్లే, పెళ్లి చేసే హక్కూ అతనిదే. ఏడాదికొకసారి, మార్గశిర అమావాస్యనాడు చేలో చేసుకునే ఎళ్ళమాసకు, చిరాగ్‌పల్లి దగ్గరున్న నాయన చేనుకు నన్ను పంపేవారు.

ఆ చలిలో మంచు ఆరని జొన్నచేను, చొప్పతో కట్టిన చిన్న గుడిసె, అందులో పాండవులని మొక్కే సున్నం పూసిన అయిదు రాళ్లు, గంపల్లో సజ్జ రొట్టెలు, నువ్వులద్దిన రొట్టెలు, కుండలో అంబలి, మోదుగాకుల విస్తళ్లు. బాటన పోయేవాళ్లను కూడా పిలిచి ముందు వాళ్లకే వడ్డించేవారు. నేను ఆకలికి సణుగుతుంటే నాయన తన తువ్వాల నా చెవుల చుట్టూ కట్టి, "జర ఆగు బిడ్డా. మనం ఇంటోళ్లం. ఇంటోళ్లు ఆఖరుకు తింటరు" అనేవాడు. చివరికి కుండ అడుగున చిక్కగా మిగిలిన కూరను గీకి నా రొట్టె మీద వేసేవాడు. అంత రుచి పై కూరకు ఎన్నడూ లేదు.

నాకు ఏడేళ్లప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, కొత్త జొన్నలన్నీ సర్కారు లెవీ కింద పోయాయి. నాయన నేలలోని పాతర తీసి అందులోని పాత జొన్నలు పంపాడు. తాత వాకిట్లోనే, పదిమంది చూస్తుండగా, సంచి మూతి విప్పి పిడికెడు తీశాడు. పురుగులు చేతి మీద పాకాయి.

"గివి గొడ్లు గూడ తినయి. నా మన్మరాలు తింటదా? మల్పు బండి!"

బండి తోలుకొచ్చిన ఖాసిం చాచా ఆలోచించమని బతిమాలాడు. "పటేలా, జర సోంచాయించున్రి. ఆల్లింట్ల గూడ గివే తింటున్రు."

"తిననియ్యి. మల్పు."

నన్నెవరూ అడగలేదు. అడిగితే, చెరుక్కొని తింటాననేదాన్ని.

ఎనిమిది రోజులకు నాయన పెద్దమనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. "నా గింజలు మల్పిన్రంటె నా హక్కు గూడ మల్పినట్లే. హక్కు లేనోనికి బరువెందుకు?" అన్నాడు. బండి మళ్లీ పంపమని ఒక్క మాటంటే సరిపోయేది. తాత అనలేదు. "గట్లయితే రాసియ్యి" అన్నాడు. ఒక మున్షీ ఉర్దూలో కాగితం రాశాడు: పిల్ల మీద తండ్రికి హక్కు లేదు, పిల్ల పోషణ భారమూ లేదు. నాయన వేలిముద్ర వేశాడు. ఒక పెద్దమనిషి, బంధం తెగిందన్న గుర్తుగా, జొన్నచొప్ప పుల్ల తుంచి రెండు ముక్కలూ చెరో వైపు విసిరాడు. అమ్మ తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. నాయన సిరా వేలిని ధోవతికి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. తలెత్తి నా వైపు చూడలేదు.

ఆ ఎళ్ళమాసకు నేను ఎవరికీ చెప్పకుండా ఖాసిం చాచా బండెక్కి వెళ్లాను. నాయన నన్ను చూసి రొట్టెల గంప కింద దించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి చుట్టాల పంక్తిలో, అందరికన్నా ముందు కూర్చోబెట్టి, మొదటి విస్తరి నాకే వేశాడు.

"నేను ఆఖరుకు తింట నాయినా."

"గట్ల గాదు బిడ్డా. సుట్టాలు ముందుగాల తినాలె."

గొంతు మెత్తగానే ఉంది. కసిరి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో. రొట్టె మీద వెన్న కూడా వేశాడు, చుట్టాలకు వేసేది. ఆకలికి ఆగలేక తిన్నాను. అందుకు నన్ను నేను కూడా క్షమించుకోలేదు.

ఆ చేను ఇప్పుడు ప్రహరీగోడ వెనక షెడ్లయింది. పాతరలు పూడిపోయాయి, కాగితాన్ని చెదలు తిన్నాయి. తాత తన తప్పు ఒప్పుకోకుండానే పోయాడు. ఆ రోజు నాయన దగ్గర నాకివ్వడానికి ఆ మర్యాద తప్ప ఇంకేమీ లేదని ఈ వయసులో నాకు తెలుసు. తెలిసినా నా ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

మనుమలు తిని చేతులు కడుక్కున్నారు. గిన్నె దగ్గరికి లాక్కున్నాను. అడుగున కొంచెం చిక్కటి కూర మిగిలింది. అంతా గీకి రొట్టె మీద వేసుకున్నాను.