బ్రహ్మదండి నూనె దీపం

ఆ రోజుల్లో మా గోపన్‌పల్లి చేలకు కంచెలు ఉండేవి కావు. జొన్నచేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసేవాళ్లం. కుసుమ ఆకు అంచున ముళ్లుంటాయి. పశువు ఒకసారి మూతి పెడితే మళ్లీ ఆ వైపు రాదు. ఆ సాళ్లే మాకు కంచె, వాటి గింజే మాకు ఏడాది పొడుగునా నూనె. పూల రేకులు ఎండబెట్టి అమ్మ దారాలకు రంగు వేసేది.

ముళ్ల మొక్కల్లో ఇంకో రెండు మాకు తెలుసు. ఒకటి నీలంగా, గుండ్రంగా పూసేది. పిల్లలం దాన్ని ముళ్లబంతి అనేవాళ్లం. దాని వేరును దారంతో కట్టి నిండు నెలల ఆడవాళ్ల నడుముకు చుట్టేవాళ్లు. రెండోది బ్రహ్మదండి. పడావు భూముల్లో, బండ్ల బాటల పక్కన, రాళ్ల సందుల్లో ఎవరూ నాటకుండానే లేస్తుంది. ఆకు మీద తెల్లటి చారలు, కాగితంలా పలచటి పసుపు పువ్వు, కాయ నిండా ముళ్లు. కాడ తుంచితే పసుపు పాలు కారతాయి. ఆ పాలు గజ్జికి రాసేవాళ్లు. కాయ ఎండి నెత్తిన పగిలితే లోపల నల్లటి గింజలు ఉంటాయి. ఆవాల పక్కన పోస్తే ఏవి ఏవో చెప్పడం కష్టం.

బ్రహ్మ చేతి దండం భూమ్మీద పడి ఆ మొక్క అయిందని మా నాయిన చెప్పేవాడు. దేవుడు దేన్నీ ఊరికే పుట్టించడని కూడా చెప్పేవాడు. నేను ఇప్పటికీ అదే నమ్ముతాను.

మాది భజన ఇల్లు. ముందు గదిలో స్వామి పటం, తాళాలు, మృదంగం ఉండేవి. ఏకాదశి వస్తే పొద్దు వాలేసరికి ఊరు ఊరంతా మా అరుగు మీద ఉండేది. నాయిన పురాణం చదివి అర్థం చెప్పేవాడు. నేను ఒక్కదాన్నే సంతానం. తొమ్మిదేళ్లకే వందల పద్యాలు కంఠతా పట్టాను. నాయిన చదువుతూ ఎక్కడైనా ఆగితే తర్వాతి ముక్క నేను అందించేదాన్ని. జనం తలలూపేవాళ్లు. అది నాకు తెలుసు, ఆ తలలు ఊగడం కోసం ఎదురుచూసేదాన్ని.

తాత కాలం నుంచి ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. స్వామికి చూపించని నూనె పొయ్యి ఎక్కకూడదు. గానుగ నుంచి కొత్త కుండ రాగానే పటం ముందు పెట్టాలి. మొదటి గరిటె దీపానికి, రెండో గరిటె వంటకు. దీపానికి ఒక నూనె, కడుపుకు ఒక నూనె అనే మాట మా ఇంట్లో లేదు.

అది నిజాం రాజ్యం చివరి ఎండాకాలం. మదీనాగూడ దగ్గర పెద్ద బాట మీద తుపాకులు పట్టుకున్న మనుషులు లారీల్లో తిరుగుతున్నారని రోజూ ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఒక మధ్యాహ్నం పడమటి దిక్కున పొగ లేచింది. అవతలి ఊరి గడ్డివాములని సాయంత్రానికి తెలిసింది. మరునాడు భజన వాళ్లంతా కూడి మండల దీపం మొక్కుకున్నారు. నలభై ఒక్క రోజులు దీపం ఆరకుండా వెలిగితే మన ఊరికి అగ్గి అంటదని మొక్కు. దీపం మా ముందు గదిలోనే. నాయిన ఆ నలభై ఒక్క రోజులూ పాలు, పండ్లు మాత్రమే తీసుకుంటానన్నాడు. అమ్మ పాలు, పెరుగు, మజ్జిగ వదిలేసి ఒంటిపూట రొట్టె, నూనెకారంతో దీక్ష పట్టింది.

కానీ ఆ ఏడు కుసుమ పూత మీద పేనుబంక పడింది. వచ్చిన గింజలో విత్తనానికి తీసి పెట్టింది పోగా, మిగిలిన నూనెలో చాలా భాగం ఎనిమిది రోజుల్లో దీపమే తాగేసింది. ఇక నాలుగు రోజులకు సరిపోయేంతే ఉంది. పట్నం నుంచి తెద్దామంటే బండి కట్టే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు గానుగ నడిపే పెద్దమ్మ నాయినకు ఒక మాట చెప్పింది.

"దీపానికే గదా పటేలా, గంత పరేషాన్ ఎందుకు? బాటల పొంటి బ్రహ్మదండి ఎండి ఉన్నది. మా అత్త కాలంల దీపాలకు, బండి ఇరుసులకు గదే నూనె. ఆడపిల్లలను తోలు, కాయలు కొట్టుకొస్తరు."

మేం ఆరుగురం పోయాం. చీర పేలికలు చేతులకు చుట్టుకుని, కాయలు వంచి చేటల్లో దులిపాం. మూడు రోజులకు రెండు కుంచాల గింజ అయింది. అందరికంటే నేనే ఎక్కువ తెచ్చాను. నా చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. స్వామి కోసం కారిన నెత్తురు కదా అని కడుక్కోలేదు కూడా.

గానుగ తిరుగుతుంటే పెద్దమ్మ నన్ను ఎద్దు వెనకాల మొద్దు మీద కూర్చోబెట్టింది.

"ఏం పంతులమ్మా, ఊకె కూసున్నవ్? మా ఎద్దుకు రెండు పద్యాలు చెప్పు, జర పుణ్యమన్నా వస్తది దానికి."

చెప్పాను. ఎద్దు ఆగిపోయింది.

"అగో, నీ పద్యాలకు నిద్ర వచ్చింది దానికి! మీ నాయిన చెప్తే మనుషులకు వస్తది, నువ్వు చెప్తే ఎద్దులకు వస్తది" అని పకపకా నవ్వింది. నాకు కోపం వచ్చింది. కుండ నెత్తిన పెడుతూ మాత్రం ఆమె నవ్వలేదు. నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఇగో బిడ్డా, జర ఇను. ఇది దీపానికే. కూరల పడద్దు. మీ ఇంట్ల ఒక్కటే కుండ అని నాకు ఎర్కే. మీ అమ్మకు చెప్పు. చెప్తవా?"

చెప్తానన్నాను.

ఇంటికి వచ్చేసరికి అరుగు నిండా జనం ఉన్నారు. నాయిన చదువుతున్నాడు. కన్నతండ్రే విషం పెట్టిస్తే, స్వామిని తలుచుకుని తాగేసిన పసివాడి కథ అది. విషం ఆ బిడ్డను ఏమీ చేయలేదు. "స్వామి కంటబడ్డది ఏదైనా ఇగ విషం కాదు" అన్నాడు నాయిన. అందరూ దండం పెట్టారు. నేను నెత్తి మీద కుండతో గడపలో నిలబడి ఉన్నాను. అమ్మ లేచి వచ్చి కుండ అందుకుంది. పటం ముందు పెట్టి, హారతి చూపించింది. మొదటి గరిటె దీపంలో పోసింది. రెండో గరిటె తీసుకుని వంటింట్లోకి పోయింది.

నేను చెప్పలేదు. చెబితే స్వామిని శంకించినట్టు అవుతుందనుకున్నాను. నన్ను చూసి నవ్విన మనిషి మాట స్వామి మాట కంటే ఎక్కువా అనుకున్నాను. ఇంకొక సంగతి ఉంది. అమ్మ నా పళ్లెంలో నూనెకారం వేస్తే, "నాకొద్దు, ఘాటుగా ఉంది, మజ్జిగ చాలు" అన్నాను. ఆ పూటే కాదు, ఆ తర్వాత ఏ పూటా నేను ఆ నూనె ముట్టలేదు.

ఆ నూనె మొదలుపెట్టిన పది పన్నెండు రోజులకు అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. వేడి చేసిందన్నారు. తర్వాత మెట్టెలు బిగిశాయి. కడియాలు తీయబోతే రాలేదు. పాదాల మీద చర్మం ఎర్రగా మెరిసేది. అరుగు ఎక్కితే ఆయాసపడేది. "ఒంటిపూట తిండికి నీరు దిగింది, దీక్ష అయిపోతే అదే పోతుంది" అంది అమ్మ. నేను రోజూ పొద్దున్నే లేచి ముందు ఆమె కాళ్ల వైపు చూసేదాన్ని. నిన్నటికంటే పెద్దవయ్యాయా, అంతే ఉన్నాయా? పటం ముందు పొర్లుదండాలు పెట్టేదాన్ని. తగ్గించు స్వామీ, నేను చెప్పాల్సిన పని లేకుండా తగ్గించు అని వేడుకునేదాన్ని.

ఒక సందెవేళ అమ్మ దీపం ముందు కూర్చుని ఉన్నట్టుండి చేతులు జోడించింది.

"దీపం చుట్టూ సింగిడి లెక్క కనపడుతున్నది. రంగురంగుల వలయం. మీకు కనపడుతలేదా?"

ఎవరికీ కనపడలేదు. నాయిన లేచి పటానికి దండం పెట్టాడు. "నీకే దర్శనం ఇచ్చిండు" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. మరునాటి నుంచి ఆడవాళ్లు వరసగా వచ్చి అమ్మ పాదాలకు పసుపు రాసి మొక్కేవాళ్లు. ఆ వాచిన పాదాలకు. మొక్కి లేచేసరికి వాళ్ల వేళ్ల గుర్తులు ఆ చర్మంలో గుంటలుగా ఉండిపోయేవి. అవి మెల్లగా పూడడం నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఊరికి అగ్గి రాలేదు. దీపం ఆరలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

ముప్పయ్యో రోజు గానుగ పెద్దమ్మ రెండో కుండ తెచ్చింది. తను కూడా దర్శనమైన తల్లికి మొక్కుదామని వంగింది. వంగి, అలాగే ఆగిపోయింది. బొటనవేలితో అమ్మ కాలు నొక్కి గుంట చూసింది.

"చెల్లె, నువ్వు ఏ నూనె తింటున్నవ్?"

"స్వామి నూనెనే అక్కా. ఇంకేముంది మా ఇంట్ల?"

పెద్దమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. "నేను చెప్పి పంపలేదా బిడ్డా?"

నాయిన చేతిలో తాళాలు ఆగిపోయాయి. అరుగు మీద ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. అమ్మ కళ్లు చికిలించి నన్ను చూసింది. తర్వాత నా కాళ్లు చూసింది. నా కాళ్లు పుల్లల్లా, మునుపటిలాగే ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది.

"చెప్పింది అక్కా. పిల్ల నాకు చెప్పింది. నేనే మర్చిపోయిన" అంది.

జీవితంలో అమ్మ అబద్ధమాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ స్వామి పటం ముందు.

ఇంకా పదకొండు రోజులే కదా, దీపం ఆపొద్దని పెద్దవాళ్లు నాయినను బతిమాలారు. నాయిన అటక ఎక్కి, విత్తనానికి దాచిన కుసుమ గింజ మూట దించి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. "దీపానికి ఇది గానుగ ఆడియ్యి" అన్నాడు. రెండు కుండల్లో ఉన్న బ్రహ్మదండి నూనెంతా బండి ఇరుసుకు వంపేశాడు. ఆ బండి మీదే అమ్మను పడుకోబెట్టి, లారీలు తిరిగే బాట దాటించి హఫీజ్‌పేట్ టేషన్‌కు, అక్కడి నుంచి రైల్లో పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. వాపు దిగుతుందని, కళ్ల సంగతి చెప్పలేమని డాక్టర్ అన్నాడట.

వాపు దిగింది. మొక్కు తీరింది. మా ఊరికి అగ్గి అంటలేదు. ఆ వానాకాలం చివర మిలిటరీ వచ్చింది, రాజ్యం మారింది. ఊరంతా ఆ దీపమే కాచిందంది, నేనూ కాదనలేదు. ఇప్పటికీ కాదనను. విత్తనం లేక ఆ ఏడు మా చేనుకు కంచె లేదు. జొన్న సగం పశువుల పాలైంది. ఏడాది తిరిగేసరికి అమ్మకు దీపం చుట్టూ వలయాలు కనపడడం ఆగిపోయింది. ఆ తర్వాత దీపమూ కనపడలేదు.

విషం తాగిన పసివాడి కథ ఎన్నో సభల్లో నేనూ చదివి అర్థం చెప్పాను. ఒక్కటి మాత్రం అర్థం చెప్పేటప్పుడు ఎప్పుడూ నా నోట రాలేదు. ఆ పసివాడు తనే తాగాడు. తను పక్కకు జరిగి ఇంకొకరి చేత తాగించలేదు.

నేను అత్తగారింటికి పోయే రోజు అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. అన్నీ చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ చేత్తో తడుముకుంటూ నా పాదం అందుకుంది. బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడలేదు.

"నువ్వు ఆ నూనె తినలే. మంచిదైంది బిడ్డా" అంది.

ఎందుకు తినలేదని మాత్రం అడగలేదు.