రేకుల మీది విసుర్రాయి

మా సీమలో వానను పత్రిక కొట్టించి పిలిచినా రాదు. గాలి మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు బంతిలో కూర్చుంటుంది. ఎండాకాలం ఆఖర్లో, మధ్యాహ్నం పూట, ఎర్రమట్టి లేచి ఆకాశం ఇటుక రంగుకు తిరిగిందంటే మా వాళ్లు ముందుగా తలెత్తి ఇంటి పైకప్పు చూసుకుంటారు. రేకుల ఇళ్లు కదా. రేకుల మీద రాళ్లు ఉన్నాయా లేవా అన్నదే వాళ్ల బాధ. కొక్కేలు వేసినా, బోల్టులు బిగించినా, పైన నాలుగు బరువైన రాళ్లు పెట్టకపోతే మా వైపు ఎవరికీ ధైర్యం చాలదు. నాపరాళ్ల ముక్కలు, పాత టైర్లు, పగిలిన తొట్లు, ఏది బరువుంటే అది పైకెక్కుతుంది. ఏ ఇంట్లో ఏం పాతబడిందో తెలియాలంటే లోపలికి పోనక్కర్లేదు, రేకుల మీద చూస్తే చాలు.

మా అక్కను వేంపల్లె దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. అరటితోట, రేకుల ఇల్లు, నోరు తగ్గని అత్తామామలు. నేను డోన్‌లో బళ్లో చదువు చెప్పుకుంటూ, సెలవులు వస్తే చాలు సంచి సర్దుకుని అక్క ఇంటికి పోయేదాన్ని. అక్కమీద ఎంత ప్రేమో అని ఊరంతా మెచ్చుకునేది. అక్కమీద ప్రేమ ఉన్నమాట నిజమే గానీ, నేను పోయేది అత్తామామల జగడం వినడానికి.

ఆ జగడానికి ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఏది చేయాలన్నా అత్త చెబుతుంది. మామ వద్దంటాడు, గొణుగుతాడు, చివరికి అదే చేస్తాడు. అది కాస్తా చెడిపోతుంది. అత్త చెబితే మామ ఒక పుంజును కొనుక్కొచ్చాడు. అది తెల్లవారినప్పుడు ముడుచుకుని పడుకుని, సరిగ్గా మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకు గోడెక్కి కూసేది.

"కొనమనిందెవరు?" అని మామ అరుగు మీద నుంచి అరిచేవాడు.

"కొనిందెవరు?" అని అత్త వంటింట్లోంచి జవాబిచ్చేది.

అంతే, జగడం అయిపోయేది. ఆఖరి మాట ఎప్పుడూ అత్తదే. బోరు వేసినా, వాకిలి తిప్పి కట్టినా, మల్లెపందిరిని మేక మేసినా అవే రెండు మాటలు. మామ మొదటి మాట అనగానే పక్కిళ్లవాళ్లు కూడా చేతిలో పని ఆపి రెండో మాట కోసం చూసేవాళ్లు. అది వినబడ్డాక మళ్లీ పనిలో పడేవాళ్లు.

ఇక విసుర్రాయి సంగతి. అది అత్త పుట్టింటి రాయి. పెళ్లైన కొత్తలో వాళ్లమ్మ మైదుకూరు నుంచి ఎడ్లబండిలో పంపించిందట. దానితో రాగులు విసిరి, ఆ పిండితో ఇంటిల్లిపాదికీ సంగటి కెలికి పెట్టి, అత్త తన రెండు చేతులూ కాయలు కాయించుకుంది. తర్వాత పిండిమర వచ్చింది. కింది రాయి వాకిట్లో పాతుకుపోయి ఉండేది కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు. పై రాయి మాత్రం ఊరికే అటూ ఇటూ దొర్లుతూ అందరి కాలివేళ్ల మీద పగ తీర్చుకునేది. ఒకరోజు నేనక్కడ ఉండగానే మామ బొటనవేలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

"దీన్ని వంకలో పారేసి వస్తా ఈపొద్దు."

"మా అమ్మ ఇచ్చిన రాయి పారేస్తావా? ముందు నిన్ను పారేస్తా," అంది అత్త. "మూల రేకు ఒగటే దడదడ అంటాండాది. నీ గురక సాలదని దాని మోత ఒగటి. పోయి దాని మీద పెట్టు. గాలికి పనికొస్తాది."

"ఉండే రాళ్లు సాలవా మే?"

"సాలితే అదెందుకు మోగుతాండాది?"

మామ పంచె ఎగగట్టి రాయిని భుజానికెత్తుకున్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఒక్కో మెట్టుకూ ఒక్కో తిట్టు. సగం ఎక్కాక ఊపిరి పీల్చుకుని, "మీ అమ్మనే ఎత్తి పైన పెట్టుంటే పోయుండు, ఇంత బరువుండేది కాదు," అన్నాడు. కింద అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. రాయి మూల రేకు మీద కూర్చుంది, మోత ఆగింది. కొన్నాళ్లకు అదే చోట రేకు సన్నగా పగిలి, మొదటి చినుకులకే సరిగ్గా మామ మంచం మీద కారింది.

"పెట్టమనిందెవరు?"

"పెట్టిందెవరు?"

పోయిన ఏడు మే నెలలో వచ్చిన గాలిని నేను చూడలేదు, పరీక్ష పేపర్లు దిద్దే పని పడి ఆ సెలవులకు అప్పటికింకా పోలేదు. డోన్‌లో మాకు దుమ్ము లేచి, కరెంటు పోయి, ఆగిపోయింది. వేంపల్లె వైపు అది మనిషి మీద పగబట్టినట్టు వచ్చిందట. గిర్రున తిరుగుతూ, ఒక బండి బాట వెడల్పున పోయిన దారంతా పడుకోబెట్టి పోయింది. అక్కవాళ్ల తోటలో గెలలతో ఉన్న చెట్లన్నీ ఒకేవైపు తల పెట్టి పడుకున్నాయి. గట్టుకు అవతలి తోటలో ఆకు కూడా చినగలేదు. ఆ తోటాయన తర్వాత చాలా రోజులు తప్పు చేసినవాడిలా తల దించుకుని తిరిగాడు. గొర్రెలు తోలుకుపోయే ఒకాయన చింతచెట్టు కింద నిలబడితే, అది విరిగి మీద పడి పోయాడు. కొత్తగా కడుతున్న గోడ చాటున దాక్కున్న ఆడకూలీలు ఆ గోడ కిందనే పోయారు. పోనీ వానైనా తెచ్చిందా అంటే, వాకిలి తడవడానికి కూడా చాలని నాలుగు చినుకులు. నాకు ఇప్పటికీ ఆ గాలి మీద దుఃఖం కంటే కోపమే ఎక్కువ.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"అత్త పోయిందే," అంది. "కొట్టం పక్కన చింతపండు ఎండబెట్టింటే ఎత్తకరావడానికి పోయింది. మామ గడపలో నిలబడి లోపలికి రా మే, రా మే అంటానే ఉన్నాడు. మూల రేకు లేచింది. రాయి పడింది."

"ఏ రాయి?"

"నువ్వు నిచ్చెన పట్టుకున్యావు సూడు, ఆ రాయే."

బస్సులు మారి నేను చేరేసరికి అంతా అయిపోయింది. అత్త లేదు. మామకు పరుగెత్తే తొందరలో రేకు అంచు తగిలి చెయ్యి తెగింది. ఆసుపత్రిలో కుట్లు వేసి, పెద్ద కట్టు కట్టి ఇంటికి పంపారు. ఆ కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మాట లేదు. తిండి లేదు. నీళ్లు నోటికి అందిస్తే ఒక గుక్క తాగి మొహం తిప్పుకునేవాడు. అత్తను తీసుకుపోయినప్పుడు కూడా ఏడవలేదట. ఇద్దరినీ ఒకేసారి పోగొట్టుకుంటామని బావ భయపడ్డాడు. ఆ ఇంట్లో అందరి ప్రాణాలూ మామ నోటి దగ్గరే వేలాడుతున్నాయి.

పలకరించడానికి వచ్చేవాళ్లకు వేరే చిక్కు వచ్చిపడింది. మా వైపు చావు పలకరింపుకు వట్టి చేతులతో పోవాలి. దెబ్బ తగిలినవాళ్లను చూడడానికి మాత్రం వట్టి చేతులతో పోకూడదు, బ్రెడ్డూ అరటిపండ్లూ తీసుకుపోవాలి. ఒకే అరుగు మీద చావూ ఉంది, కట్టు కట్టిన చెయ్యీ ఉంది. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఊరే ఒక దారి కనిపెట్టింది. పండ్ల సంచి గేటు బయట పెట్టడం, లోపలికొచ్చి అక్కను పట్టుకుని గుండెలవిసేలా ఏడ్వడం, కండ్లు తుడుచుకుని బయటికి పోయి సంచి తెచ్చి మామ పక్కన పెట్టడం. ఒకావిడ వరస మరిచి సంచితోనే వచ్చి అక్కను వాటేసుకుంది. బ్రెడ్డు కాస్తా ఇద్దరి మధ్యా పడి అప్పడమైంది. ఇంకొకావిడ లోపల ఏడుస్తుంటే బయట పెట్టిన పండ్లు మేక తినేసింది. అప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు మాత్రం నిజమైనది.

తోటంతా నేల మీద పడిన అరటిగెలలు, అరుగంతా అంగట్లో కొన్న అరటిపండ్లు. బావ ఒక్కో డజను లోపలికి మోస్తూ, "మా కాయే తిరిగి మాకొస్తాండాది," అన్నాడు. అక్కకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్లు పట్టుకుంటే నేను నీళ్లు తాగించాను.

టీవీ అబ్బాయి ఒకడు మైకు పట్టుకుని వచ్చి, "పెద్దాయనా, గాలి ఎట్లా వచ్చింది?" అని మామను అడిగాడు. మామ వాడి వైపు కూడా చూడలేదు. ఆ లోటు పక్కింటి పెద్దమ్మ తీర్చింది. ఆమె ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, సాక్ష్యం చెప్పడం బాగా అలవాటు. "ఏనుగు తొండం మాదిరి దిగింది నాయనా! మా రేకు ఎగిరిపాయ," అని చెప్పింది. మరుసటి రోజు వచ్చినవాళ్లకు మేక కూడా ఎగిరింది. ఆ వారం చివరికి ఆమె కూడా జానెడు లేచింది. మేక పక్కనే నిలబడి అరటితొక్కలు నములుతూ అంతా వింటుండేది.

అట్లాగని ఆమెను తక్కువ చేయలేను. రోజూ పొద్దున్నే వచ్చి మామ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. "అన్న నోరు తెరువు ప్రభువా" అని మొదలుపెట్టి, తన కొడుకు ఉద్యోగం, కోడలి నడుంనొప్పి, రోడ్డు మరమ్మతు మీదుగా తిరిగి మామ దగ్గరికి వచ్చేది. వెనక వీధి సాయిబు దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మంచి చేతికి కట్టాడు. ఆసుపత్రి డాక్టరు బలానికి గ్లూకోజు ఎక్కించాడు. మామ ఎవరినీ కాదనలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అత్త పోయాక ఆ వీధికే చెవుడు వచ్చినట్టుంది.

దినాలు దగ్గరపడ్డాయి. ఆలోగా ఇంటికి రేకులు వేయాలి. విసుర్రాయిని ఏదో ఒకటి చేయాలి. అది పడినచోటే, కొట్టం పక్కన, ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అటు పోయేవాళ్లు కూడా దాన్ని తప్పుకుని చుట్టూ తిరిగి పోయేవాళ్లు. దాని సంగతి పెద్దమనుషులు అరుగు కింద కూర్చుని మాట్లాడారు.

"పగలగొట్టేద్దామప్పా."

"ఎవరు పగలగొట్టేది? నువ్వు కొడతావా?"

"నాకు భుజం నొప్పప్పా."

వంకలో పారేయాలని తేల్చారు. ట్రాక్టరు పిలిపించారు.

ఆ రోజు పొద్దునే మేస్త్రీ కొత్త రేకులు ఎక్కించి కొక్కేలు బిగించాడు. బిగించి, అలవాటు కొద్దీ కిందికి చూసి, "రాళ్లందియ్యండప్పా," అన్నాడు. ఊరూ అలవాటు కొద్దీనే కదిలింది. తలా ఒక రాయి తెచ్చారు. పెద్దమ్మ తన ఇంటి కడప బండ ముక్కను బిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని వచ్చింది. గట్టు అవతలి తోటాయన అందరికంటే పెద్దది మోసుకొచ్చాడు. పాపం, ఆయనకు అదే క్షమాపణ. అందరూ మంచి మనసుతో తెచ్చినవే. నేను చూస్తూ నిలబడ్డాను, వద్దని చెప్పాలని నాకు కూడా తోచలేదు. రాళ్లు చేతులు మారుతూ నిచ్చెన దాకా వచ్చాయి. అటువైపు ట్రాక్టరు మనుషులు విసుర్రాయి కిందికి గడ్డపార దూర్చారు.

మామ లేచాడు. ఇన్నాళ్లూ ఇంట్లోకి పోవడానికి కూడా మనిషి ఆసరా కావలసినవాడు, ఒక్కడే నడుచుకుంటూ రాయి దగ్గరికి పోయాడు. గడ్డపార పట్టుకున్నవాళ్లు పక్కకు జరిగారు. దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. రాయి నడుమ రాగులు పోసే బొక్కలో మట్టి చేరి ఉంటే, వేలు పెట్టి కెలికి తీశాడు. తర్వాత ఎప్పటి గొంతుతోనే, కోపంగానే, గట్టిగా అడిగాడు.

"పెట్టమనిందెవరు?"

మేమంతా ఆగిపోయాం. నిచ్చెన మీద మేస్త్రీ ఆగాడు, రాయి చంకనెత్తుకున్న పెద్దమ్మ ఆగింది. ఏళ్ల తరబడి అలవాటు కదా, అందరి తలలూ వాటంతటవే వంటింటి వైపు తిరిగాయి. జవాబు అక్కడినుంచే రావాలి. మామ కూడా అటే చూస్తున్నాడు. వంటింట్లో అక్క ఉంది, చేతిలో తెడ్డు పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"పెట్టింది నేనే," అన్నాడు మామ.

అప్పుడు ఏడ్చాడు. కట్టు కట్టిన చేతిని రాయి మీద ఆనించి, చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. బావ పోయి పక్కన కూర్చున్నాడు. పెద్దమ్మ తన బండ ముక్కను ఇంటికి తీసుకుపోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ తమ రాళ్లు తాము ఎత్తుకున్నారు. ట్రాక్టరు వట్టిదే వెనక్కి పోయింది. విసుర్రాయిని బావా నేనూ దొర్లించుకుంటూ తెచ్చి, వాకిట్లో ఉన్న కింది రాయి మీద పెట్టాం. మామ కండ్లు తుడుచుకుని, "పాపా, రోంత సంగటి పెట్టు," అని అక్కను అడిగాడు. ఇంట్లో ఎటు చూసినా అరటిపండ్లు, సంగటికి మాత్రం పిండి లేదు. అక్క పక్కింటికి పరుగెత్తింది.

ఇప్పుడు ఆ పల్లెలో రేకుల మీద రాయి లేని ఇల్లు అదొక్కటే. మొన్న ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు మధ్యాహ్నం చిన్న గాలి లేచింది. మూల రేకు మళ్లీ దడదడ మొదలుపెట్టింది. మేస్త్రీని పిలిపించి ఇంకో కొక్కెం వేయిద్దామని లేచాను. అరుగు మీద పడుకున్న మామ కండ్లు తెరవకుండానే చెయ్యి ఊపాడు.

"కొక్కేలన్నీ గట్టిగానే ఉండాయిలే పాపా. మోగనీ. ఇంట్లో ఎవరో ఒగరు మాట్లాడ్తాండాల గదా."