లోతు అడిగిన సిస్టరు గారు

మెట్టకూరు ఆస్పత్రి సిస్టరు గారు మొన్న పోయారు. కబురు చెప్పిన మా ఆడపడుచు నా ఏడుపు చూసి బిత్తరపోయింది. "ఏంటొదినా, ఆవిడ మీకేవన్నా చుట్టవా?" అంది. చుట్టం కాదు. మా నాన్న చేత నిజం చెప్పించిన మనిషి. ఆ పని మా అమ్మ వల్ల కూడా కాలేదు.

మా నాన్న రేవులో పడవ నడిపేవాడు. పంతొమ్మిది వందల ఎనభైల్లో ఆయనకి కడుపు ఆపరేషన్ అయింది. మన మగాళ్ల సంగతి మీకు తెలియనిదేముంది? కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారు. పొట్ట కోస్తే మాత్రం ఎక్కడలేని పౌరుషం పుట్టుకొస్తుంది. ఆ రోజుల్లో నొప్పి అని అడిగినవాళ్లకే ఇంజెక్షన్. మా నాన్న అడగడు. "నొప్పుందా బాబాయ్‌గారూ?" అని సిస్టరు గారు వచ్చి అడిగినా, "అబ్బే, ఏం లేదండి" అనేవాడు పళ్లు బిగబట్టి.

కుట్లు లాగుతాయని గట్టిగా ఊపిరి తీసుకునేవాడు కాదు, దగ్గొస్తే మింగేసేవాడు. మూడో రోజుకి గొంతులో గురగుర, ఒళ్లంతా జ్వరం. కఫం బయటికి రాకపోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గారు నాతో ఉన్నమాట చెప్పేశారు.

సిస్టరు గారికి ఒక అలవాటుండేది. రోగిని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకునేవారు. నిలబడి మాట్లాడేవారు కాదు, స్టూలు లాక్కుని కూర్చునేవారు. "ఓర్చుకున్నందుకు ఇక్కడ పతకాలివ్వరండి" అని అందరినీ కోప్పడేవారు. ఆ ఉదయం కూడా అలాగే కూర్చుని, "నాన్నగారి పనేంటమ్మా?" అని నన్నడిగారు.

"పడవండి. నీళ్లు తగ్గినప్పుడు రేవు దాకా రాదు కదండీ, మధ్యలోనే దిగాలి. నాన్న లోతు చెప్తే చాలండి, జనం చంటిపిల్లల్నెత్తుకుని దిగిపోతారు."

ఆవిడ మంచం మీదికి వంగారు.

"బాబాయ్‌గారూ, నొప్పి సంగతొదిలేయండి. ఇప్పుడు మీరు ఎంత లోతులో ఉన్నారు? మోకాటిలోతా, మొలలోతా?"

మా నాన్న ఎన్ని విషయాల్లో అబద్ధమాడాడో నాకు తెలుసు. లోతు విషయంలో మాత్రం ఎన్నడూ ఆడలేదు. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు జారాయి.

"పీకల్లోతండి సిస్టరమ్మా."

ఆవిడ ఒక్క అంగలో డాక్టరు గారి గదిలో ఉన్నారు. "ఆయన అడిగేదాకా ఆగితే మనకి మనిషి దక్కడండి. టైముకి ఇంజెక్షన్ ఇచ్చేద్దాం" అనడం నాకు వినపడింది. డాక్టరు గారు సరేనన్నారు. తర్వాత్తర్వాత వార్డంతా అదే కొలత అయిపోయింది. ఫరంపేట తాపీమేస్త్రి "నాకు నడుంలోతండోయ్" అని కేకేసి మరీ చెప్పేవాడు. రౌండ్స్‌లో డాక్టరు గారు కూడా లోతే అడిగేవారు.

ఆ రోజు ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకి సిస్టరు గారు మళ్లీ వచ్చారు.

"ఇప్పుడో?"

"మోకాటికి దిగిందండి."

"అయితే దగ్గండి. కుట్లు నేను చూసుకుంటాను."

దిండు ఆయన పొట్టకి ఆనించి రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నారు. మా నాన్న భయంభయంగా ఊపిరి పీల్చాడు. ఇంకాస్త పీల్చాడు. మూడు రోజులుగా మింగినదంతా కలిపి, పక్క మంచాలవాళ్లు లేచి కూర్చునేలా దగ్గాడు. కఫం ఊడి వచ్చింది. సగం ఆవిడ తెల్లచీర మీదే పడింది. ఆవిడ అటు చూడను కూడా లేదు. దిండు వదలకుండానే నావైపు తిరిగి, పందెం గెలిచిన మనిషిలా పళ్లన్నీ కనపడేలా నవ్వారు.