సంచిలోంచి మొదలయ్యే పాఠం

ఈ ఉదయం నా సంచిలోని టమోటాల్లో ఒకదానికి తొడిమ ఇంకా పచ్చగా ఉంది. కుప్పంలో మూడో తరగతి పిల్లల తెలుగు పాఠం కోసం వాటిని సర్దుకుంటుండగా పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. నాకు తెలుగు చెప్పిన టీచర్ నిద్రలోనే పోయారని ఆమె కూతురు చెప్పింది.

నేను చదివిన మదనపల్లె కాన్వెంటులో ఆమె పుస్తకంతో పాఠం మొదలుపెట్టగా నేను చూడలేదు. ముందు గుడ్డసంచి బల్ల మీదికి వచ్చేది. అందులోని వస్తువు మా అందరి చేతులూ తిరగాలి. తర్వాత దాని మాట ఆమె నోట వినాలి. ఆపైనే మేం పలకాలి. పూటకు నాలుగైదు కొత్త మాటలే. వ్యాకరణం పేరు చిట్టచివర, మేం వాక్యాలు చెప్పేశాక వచ్చేది. "ఇంతసేపూ మీరు చేసినదానికి ఒక పేరుండాదమ్మా," అనేవారు, బహుమతి ఇస్తున్నట్టు.

నేను నోరు విప్పేదాన్ని కాదు. అందుకే ఆ వస్తువు పట్టుకునే పని తరచూ నాకే దొరికేది. దాని గురించి తరగతంతా నన్నే అడిగేది. జవాబు చెప్పక తప్పేది కాదు.

కుప్పంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, తమిళ ఇళ్ల పిల్లలు నా పాఠానికి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. మానేస్తానని టీచర్‌కు ఫోన్ చేశాను. ఆ వారమే ఆమె బస్సెక్కి వచ్చి, హెడ్‌మాస్టరును అడిగి, వెనక బెంచీలో కూర్చున్నారు.

గంట కొట్టాక అన్నారు: "అంతా నువ్వే మాట్లాడతాండావు కదమ్మా. పిల్లోళ్ల వంతు యాడ?"

"నా గొంతు చిన్నది టీచర్. వినపడదు."

"మంచిదే. అరిసే టీచరమ్మ ముందర పిల్లోళ్లు నోరు మూసుకుంటారు. నీ సంచి యాడమ్మా? ఉత్త చేతుల్తో వచ్చినావే, సినిమాకొచ్చినట్ల!"

సాయంత్రం బస్టాండులో కూర్చుని మర్నాటి పాఠానికి ఇద్దరం ప్రణాళిక వేసుకున్నాం. ఏ మాట ముందు, ఏది వెనక, ఎవరి చేతికి ఏది. పక్క బండి మీది టమోటాలు టీచరే ఏరి ఇచ్చారు.

మర్నాడు వెనక బెంచీ పిల్ల ఒక టమోటాను నొక్కి చూసి, "టీచర్, ఇది మెత్తగుండాది," అంది. ఆ ఏడాది ఆ పిల్ల నోట నేను విన్న మొదటి తెలుగు వాక్యం అది. వెంటనే పుంగనూరుకు ఫోన్ చేసి చెప్పాను.

"సూసినావా!" అన్నారు టీచర్. ఆ గొంతులోని గర్వం నాకు ఇప్పటికీ సరిపోతోంది.

ఈరోజు పాఠం చెప్పాకే పుంగనూరు బస్సెక్కాను. టమోటాలు పిల్లల చేతుల్లోనే ఉన్నాయి.

మా టీచర్ కూడా ఈ పిల్లల్లాగే తమిళ ఇంటి పిల్లే. తెలుగు నేర్చుకున్నది పెళ్లయి పుంగనూరు వచ్చాకే.