మావగారి ఫోనుకి గాలాడాలి

మావగారికి ఉన్నది ఒకే ఒక్క చాదస్తం. ఆయన ఫోను ఆయన దగ్గర ఉండదు. ఇంట్లో నలుగురూ ఎక్కడ చేరితే అక్కడ ఉంటుంది. భోజనాల వేళ బల్ల మీద, బోర్లించిన గ్లాసుకి జారగిలబడి పెద్దమనిషిలా కూర్చుంటుంది. వంటింట్లో గొంతులు లేస్తే చాలు, మావగారు పేపరు పక్కన పడేసి, ఫోను పట్టుకొచ్చి పంచదార డబ్బాకి ఆనించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతారు.

"ఇదేంటి మావయ్యా?" అని కోడలు అడిగితే ఒకటే సమాధానం.

"దానికి గాలాడాలమ్మా."

"గాలి వరండాలో కదా ఉంటుంది! ఇక్కడ పొయ్యి ఉంది."

"మనుషులున్నచోటే గాలి బాగుంటుంది," అనేవారాయన. ఆ తర్వాత వాదించడానికి ఎవరికైనా ఏం మిగులుతుంది?

చాదస్తంతో పోతే బాధ లేదు. ఆ ఫోను మధ్యాహ్నానికల్లా ఇస్త్రీపెట్టెలా కాలిపోయేది, సాయంత్రానికి గుడ్లు తేలేసేది. కోడలికి ఉన్నదేమో ఫోన్లు బాగుచేసే కొట్టు. వీధిలో ఎవరి ఫోను చచ్చినా ఆవిడ చెయ్యి పడితే లేచి కూర్చోవలసిందే. అలాంటిది, సొంత ఇంట్లో ఫోనే ఆవిడ పరువు బజారుకీడుస్తోంది.

ఆవిడా ఊరుకోలేదు. బ్యాటరీ మార్చింది. చార్జర్ పెట్టే కన్నంలోంచి జేబు నూలంతా సూదితో లాగింది. వైరు కొత్తది ఇచ్చింది. బూటులాంటి రబ్బరు తొడుగు ఊడదీసింది. ఎవరికీ అక్కర్లేని యాప్‌లు తీసేసింది, తెర వెలుగు తగ్గించింది. కొట్టులో ఉన్నంతసేపూ ఫోను చల్లగా, బుద్ధిగా ఉండేది. ఇంటికి తెచ్చిన మర్నాడు మళ్ళీ నిప్పు.

పైగా మావగారు ప్రతిసారీ దాన్ని ఆపేసి మరీ చేతికిచ్చేవారు. "పడుకోబెట్టి ఇస్తున్నానమ్మా, ఉలిక్కిపడనివ్వకు."

"వేడెక్కగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోలా?" అన్నాడు భర్త ఓరోజు.

"లోపల చెమ్మ చేరి ఒకేసారి పోతుంది. అప్పుడు మిమ్మల్ని పెట్టాలి ఫ్రిజ్‌లో."

"అయితే ఆదివారం దాకా చూస్తా. బాగుపడకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా. పేలితే ఇల్లు అంటుకుంటుంది."

మావగారి మొహం మాడిపోయింది. "అవసరం లేదు. ఎదురు కొట్టులో చూపించుకుంటాను," అన్నారు.

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఎదురు కొట్టువాడు ఈవిడ బోర్డుకన్నా పెద్ద బోర్డు పెట్టిన మహానుభావుడు. సాక్షాత్తూ మావగారే వెళ్ళి వాడి ముందు నిలబడితే, ఇక ఈవిడ తన బోర్డు దించుకుని ఇంట్లో కూర్చోవచ్చు.

ఇది చాలనట్టు ఇంట్లో మరో వింత. మావగారి అక్కగారు పొరుగూళ్ళో తుంటి విరిగి మంచం మీద ఉంది. చూసుకునే నర్సుది మాట పొదుపు. అక్కగారు ఆదివారం ఆదివారం మేనల్లుడి ఫోనుకి చేసి, "మీ బీరువా తాళం దొరికిందిట్రా?" అనేది. అత్తగారు భర్త మీద విరుచుకుపడేది. "మీ కడుపులో ఒక్క మాటైనా ఆగదా?"

"నేనొక్క ముక్క చెప్పలేదే!" అనేవారాయన. ఆ మొహం చూస్తే ఎవరైనా నమ్మాల్సిందే. ఎవరూ నమ్మలేదు.

రోగం కొట్టులో కనపడటం లేదు కాబట్టి ఇంట్లోనే పట్టాలని, కోడలు ఓ మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చేసింది. బల్ల దగ్గర తల్లీకొడుకులు కిటికీ పరదా ఏ రంగుది కొనాలో తేల్చుకోలేక అరుచుకుంటున్నారు. మధ్యలో ఫోను. చెయ్యి వేస్తే చురుక్కుమంది. కాస్త చల్లారబెడదామని కోడలు దాన్ని వరండాలోకి తీసుకుపోయింది.

"ఎవరది? ఎందుకు తీసుకుపోతున్నారు?" అంది ఫోను. "పరదా సంగతి ఇంకా తేలందే!"

కోడలు దాన్ని చప్పున తిప్పి పట్టుకుంది. తెర మీద చూస్తే కాల్ నడుస్తోంది. పొద్దుటినుంచీ నడుస్తోంది. మావగారు పరుగున వచ్చి, "అక్కయ్యా, ఒక్క నిమిషం," అని చెప్పి, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు.

"రోజంతా ఇదేనా మావయ్యా?"

"ఆ ఇంట్లో చప్పుడే లేదమ్మా. ఫోన్ చేసి పలకరిస్తే ఎంతసేపు మాట్లాడతాం? ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటుంది, అయిపోయింది. మన గోలైతే పొద్దుగూకేదాకా వింటూ పడుకుంటుంది. మొన్న నవ్విందిట కూడా, నర్సు చెప్పింది."

"మరి మాకో మాట చెప్పచ్చుగా!"

"చెప్తే మీరంతా మర్యాదగా మాట్లాడతారు. మర్యాద వింటూ ఎంతసేపని కాలక్షేపం చేస్తుంది?"

కోడలికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. ఆ వెనకే, అత్తగారు ఇన్నాళ్ళూ ఆడపడుచు గురించి ఏమేం అన్నదో గుర్తొచ్చి చెమటలూ పట్టాయి.

ఆదివారం భోజనాల దగ్గర భర్త గుర్తుపెట్టుకుని మరీ అడిగాడు. "ఏమైంది ఆ ఫోను?"

"నాకు చేతకాలేదు," అంది కోడలు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట రావడం ఇదే మొదలు. "ఎదురు కొట్టువాడి తాతకీ చేతకాదు. కొట్టులోంచి ఇంకో పాత ఫోను తెచ్చాను. ఒకటి వేడెక్కితే దాన్ని చల్లారనిచ్చి రెండోది వాడుకుంటారు."

"ఒకదానితోనే చస్తుంటే రెండోదా! బోర్డు మీద 'అన్ని రిపేర్లూ చేయబడును' అని రాయించుకున్నావు, కాస్త చెరుపుకో."

చురుక్కుమంది. అయినా కోడలు నోరు విప్పలేదు. విప్పితే తన పరువు దక్కుతుంది, మంచం మీద పడుకున్న పెద్దావిడ కాలక్షేపం పోతుంది. మావగారు కంచంలోకే చూస్తూ రెండు మెతుకులు ఎక్కువ కలిపారు.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మావగారు గ్లాసుకి ఆనించిన ఫోనువైపు దిగులుగా చూశారు. అది గమనించి కోడలు గొంతు సవరించుకుంది.

"అత్తయ్యా, ఆ పరదా రంగు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు."

ఇంటి కప్పు ఎగిరిపోయింది. అత్తగారు లేచింది, భర్త లేచాడు, కుర్చీ ఒకటి పడింది. మావగారు తృప్తిగా ఫోనుని ఇంకో జానెడు ముందుకి జరిపారు.

సాయంత్రం భర్త తన ఫోను తెచ్చి, "పెద్దత్త. నీకే ఇమ్మంటోంది," అన్నాడు. కోడలు చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మాయ్, ఇవాళ భలే పోట్లాడావు! కానీ రేపట్నించి కాస్త ఆగి మొదలుపెట్టు తల్లీ. నేను మందు మింగేలోపు సగం అయిపోయింది."