శుక్రవారం కూసే కారు

మొన్న సాయంత్రం పుదుచ్చేరి వైట్ టౌన్‌లో నడుస్తుంటే ఎర్ర స్పోర్ట్స్ కారులో ఒక కుర్రజంట వచ్చి మలుపు దగ్గర బ్రేకు తొక్కారు. కీచుమని అది పెట్టిన కూతకు పక్కన నడుస్తున్న మా ఈడు వాళ్ళం నలుగురం ఒక్కసారిగా తలలు తిప్పాం గానీ, పాటల హోరులో ఉన్న ఆ పిల్లలకు అది చెవినే పడలేదు. ఇంటికి పదమని మోకాళ్ళు మొరపెట్టుకుంటున్నా, కాసేపు అక్కడే గోడకానుకుని నిలబడి మా నాయనను తలుచుకున్నాను.

డెబ్బైల చివరి సంగతి. పుదుచ్చేరి బజారు వెనక సందులో నాయనకు ఒక షెడ్డు ఉండేది, రెండు కార్లు పెడితే మూడోది రోడ్డు మీద నిలబడాల్సినంత చిన్నది. గొప్ప పనిముట్లేమీ లేవు గానీ ఆయనకు చెవి ఉండేది. బానెట్ ఎత్తకుండానే, ఇంజను మూలుగు విని, బేరింగు అరిగిందనో వాల్వు వదులైందనో చెప్పేసేవాడు. కారుకు ఏ జబ్బు చేసినా ముందు ఆయన చెవిన వెయ్యండి అనేవాళ్ళు ఊళ్ళో. చదువు ముగించి నేనూ ఆయన దగ్గరే పనికి చేరి, నాకా చెవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న రోజులవి.

ఫ్రెంచి పటాలంలో కొలువు చేసి పెన్షన్‌తో తిరిగొచ్చిన వాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. అట్లాంటి ఒకాయన, మా ఇంటి వరసన నాకు మామ, వస్తూ వస్తూ ఓడలో ఒక స్పోర్ట్స్ కారు వెంటబెట్టుకొచ్చాడు. రెండే సీట్లు, మడిచే టాపు, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు. పక్కన అత్త కూర్చుంటే కూరగాయల సంచికి చోటుండేది కాదు, అయినా మామ టోపీ పెట్టుకుని బీచ్ రోడ్డున పోతుంటే ఊరంతా తనదే అన్నట్టుండేవాడు.

ఒకరోజు ఆ కారు మా సందులోకి వచ్చి ఆగిందో లేదో, దాని బ్రేకు కూతకు ఎదురింటి వాళ్ళు చెవులు మూసుకున్నారు. నాయన దాన్ని ఇంకోసారి తోలించి, చక్రం పక్కన వంగి, శ్రద్ధగా విని లేచాడు.

"సద్దు యాడుంది బావా? నాకేమీ వినపళ్ళేదే."

మామ అది వేళాకోళమనుకుని నవ్వాడు. నాయన నవ్వలేదు. పొద్దస్తమానం సుత్తిదెబ్బల మధ్య బతికిన చెవికి ఇంజను మూలుగు వంటి లావుపాటి చప్పుళ్ళు అందుతున్నాయి గానీ, సన్నటి కూతలు అందకుండా పోయాయని ఆ క్షణాన తెలిసింది. ఈ కారు బాగుచేయించుకోడానికి మద్రాసు పోయిందంటే, ఎందుకు పోయిందో మరునాటికి బజారంతా పాకుతుంది. షెడ్డు ఎట్లాగో నడుస్తుందిలే, ఆ మాట విన్న నాయన ఏమైపోతాడన్నదే నా భయం. నాయనకు వేరే పనుంది మామా, ఇది నేను చూసుకుంటానని ఒక అబద్ధమాడి, కారును లోపలికి తోయించాను. ఆయనకు తెలియకుండా, ఊరికి తెలియకుండా, ఆ కూత ఆపి తీరాలని పంతం పట్టాను.

మన ఊరి కార్లకు అప్పట్లో డ్రమ్ము బ్రేకులే. దీనికి ముందు చక్రాలకు డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం, దాన్ని అటూ ఇటూ నొక్కిపట్టే రెండు ప్యాడ్లు. విప్పి చూస్తే ప్యాడ్ల మొహాలు గాజులా మెరుస్తున్నాయి, పైన కాస్త జిడ్డు. గ్రీజు చింది ఉంటుందనుకుని తుడిచి, ఉప్పు కాగితంతో రుద్ది, అంచులు ఆకురాయితో సాఫు చేసి, అదరకుండా వెనక పలచటి రేకు ముక్కలు కత్తిరించి పెట్టాను. కూత ఆగింది. నేను మీసం మెలేశాను. వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. మళ్ళీ విప్పాను, మళ్ళీ ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆ మధ్య అన్నం కూడా సరిగా సహించేది కాదు, కంచం ముందు కూర్చున్నా ఆ కీచుమనేదే.

చివరికి మామ, నొప్పించకుండానే, మద్రాసుకు పంపిస్తానప్పా అన్నాడు. ఇంకొక్క అవకాశమిమ్మని బతిమాలి, అసలిది ఎప్పుడెప్పుడు మొదలవుతోందని అడిగాను. ఆయన ఆలోచించి, ఎప్పుడూ శుక్రవారం సాయంత్రం క్లబ్బుకు పోయేటప్పుడే అన్నాడు. బ్రేకుకు వారమూ వర్జ్యమూ ఏమిటి?

ఆ శుక్రవారం పొద్దున్నే సైకిలెక్కి వాళ్ళింటికి పోయాను. వాకిట్లో ముగ్గు ఆరకముందే అత్త తలంటుకుని, కొబ్బరినూనె గిన్నెతో ఇంట్లో ఇనుమంతా తుడుస్తోంది. సముద్రపు ఉప్పుగాలికి మా ఊళ్ళో ఏ ఇల్లాలైనా చేసే పనే అది. కిటికీ కమ్మీలు, గేటు గడియ, కుట్టుమిషను, కత్తిపీట, అన్నీ అయ్యాక కారు దగ్గరికొచ్చి, పుల్లకు గుడ్డ చుట్టి నూనెలో ముంచి, చక్రం పుల్లల సందుల్లోంచి లోపలికి పోనిచ్చి డిస్కును నిగనిగలాడేటట్టు తుడిచి, చక్రానికి కుంకుమ బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఆ నూనె మీద బ్రేకు పట్టక ఏ బస్సు కిందో పోయి ఉంటే?

"అత్తా, దానికి నూనె పెట్టగూడదు."

"ఏందప్పా అట్లంటావు, నూనె లేకుంటే తుప్పు పట్టి పోదా?"

ఆ తుప్పు రెండుసార్లు బ్రేకు తొక్కితే అదే రాలిపోతుందని, నూనె మటుకు ప్యాడ్లలోకి ఇంకిపోయి వేడికి మాడి కూస్తోందని, ముందు చక్రాల బ్రేకు పట్టకపోతే మామ ప్రాణానికే ముప్పని చెప్పేసరికి ఆమె గిన్నె కిందపెట్టి రెండు చెంపలూ వేసుకుంది. కుంకుమకు అడ్డం చెప్పలేదు నేను.

నూనె తాగిన ప్యాడ్లు ఎంత రుద్దినా పనికిరావు. సేదరపేట్ దారిలో ప్యాడ్ల మొహాన రాపిడికి ఉండే లైనింగు అతికించే షెడ్డుకు పోయి, పాతది చెక్కించి కొత్తది వేయించుకొచ్చాను. డిస్కులు పెట్రోలుతో కడిగాను. కారు తోలి చూద్దామని బయటికి తీస్తుంటే నాయన వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. వద్దనలేకపోయాను. మురుంగపాక్కం దాకా పోయి, ఖాళీ రోడ్డు చూసుకుని గట్టిగా బ్రేకు తొక్కాను. చడీ చప్పుడూ లేదు. ఇంకోసారి తొక్కాను. సంతోషం పట్టలేక ఆయన వైపు తిరిగితే, ఆయన రోడ్డును గానీ చక్రాన్ని గానీ చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు.

"ఈ దినం నువ్వు మొగం చిట్లించలా. సరిపోయిందిరా."

తన చెవి సంగతి మొదటిరోజే ఆయనకు తెలుసు. నేను దాస్తున్నానని తెలిసి, నన్ను దాచనిచ్చాడు. షెడ్డు వైపు బండి తిప్పాను. ఆ తర్వాత ఆయన పనిచేసినంత కాలం, ఏ కారు తోలి చూడాలన్నా నన్ను నడపమని పక్కన కూర్చునేవాడు. చెవికి అందనిది నా మొహంలో వెతుక్కునేవాడు. ఈ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఇప్పుడు మా షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. కారుకు వైరు తగిలిస్తే జబ్బేమిటో తెర మీద రాసి వస్తోంది, మంచిదే, మేము పడ్డ తంటాలు ఎవరూ పడక్కర్లేదు. నాకు మాత్రం ఈ వయసులో కూడా సన్నటి కూతలన్నీ వినపడుతూనే ఉన్నాయి. ఎక్కడ ఏ బ్రేకు కూసినా మొహం దానంతటదే చిట్లించుకుంటుంది, పక్కన కూర్చుని దాన్ని చూసేవాళ్ళెవరూ లేరు.