ట్యాంకు గోడమీద కొరియా పాట

తార్నాకలో మెట్రో మెట్లు దిగి మందుల దుకాణం దాటగానే ఈమధ్య ఒక బండి వెలిసింది. ఎర్రక్షరాలతో కొరియన్ నూడుల్స్ అని బోర్డు, పెద్ద గిన్నెలో తుకతుక ఉడికే నీళ్ళు, ఆ నీళ్ళలోంచి ఎర్రకారం, వెల్లుల్లి, పులిసిన క్యాబేజీ మూడూ కలిసి లేచే ఘాటైన ఆవిరి, దాని చుట్టూ సాయంత్రం పూట క్యాంపస్ పిల్లల గుంపు. ప్లేటు చేతికి రాగానే ఫొటో తీస్తే గాని ఒక్కరూ నోట్లో పెట్టుకోరు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకది కొత్త వాసన. నేను మాత్రం ఆ పులుపు ముక్కుకు తగలగానే నడక ఆపేస్తాను, ఎందుకంటే నా నాలుగో తరగతి, మా డాబా, మా అక్క గొంతు, అన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి.

మా ఇల్లు వెనక సందులో, క్యాంపస్ ప్రహరీకి దగ్గర్లో ఉండేది. సీతాఫల్‌మండి స్టేషన్‌లో లోకల్ రైలు కూత వినబడితే అమ్మ పొయ్యిమీద పాలు పెట్టేది, మాకు గడియారంతో పని ఉండేది కాదు. వానాకాలం మొదట్లో క్యాంపస్ నేరేడు చెట్ల కింద రాలిన పళ్ళేరుకొని, ఎవరి నాలుక ఎక్కువ ఊదారంగుకు తిరిగిందో ఒకరికొకరం చాపి చూపించుకుంటూ, వాచ్‌మన్ కేకేస్తే చెప్పులు చేత పట్టుకొని పరుగెత్తేవాళ్ళం. చలికాలం సీతాఫలాలు బియ్యం డబ్బాలో మాగేవి. డిసెంబరు వచ్చిందంటే అమ్మా నాయనమ్మా కూర్చొని గర్జలు, అదే కజ్జికాయలు, వత్తేవారు, కేకు పిండి పెద్ద గిన్నెలో కలిపి నా ఒళ్ళో పెడితే నాన్న నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని మెట్టుగూడ బేకరీకి తీసుకుపోయేవాడు, అక్కడి భట్టీలో కాల్చి ఇచ్చేవారు, వచ్చేటప్పుడు దారంతా ఆ వేడి నా మోకాళ్ళకు హాయిగా తగిలేది. ఇంటిల్లిపాదీ చర్చికి పోయేవాళ్ళం. నాన్న క్యాంపస్‌లో ల్యాబు అటెండరు. అక్క జ్యోతి అప్పుడు ఇంటర్ చదువుతోంది, చర్చి పాటల గుంపులో మొదటి వరుస తనదే. అక్క పాడుతుంటే పాస్టరుగారు కళ్ళు మూసుకునేవారు, నేనైతే నోరు వెళ్ళబెట్టి చూసేదాన్ని, నాకా దేవుడు గొంతు అనేది బొత్తిగా ఇవ్వలేదు.

ఆ అక్కకు కొరియా పాటల పిచ్చి పట్టింది. ఎవరో స్నేహితురాలు మెమరీ కార్డులో వేసిచ్చిన పాటలు నాన్న ఫోన్‌లో పెట్టుకొని, ఇయర్‌ఫోన్లలో ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో దూర్చి, డాబామీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చొనేది. ఒక్క కొరియా మాట అర్థం కాకపోయినా విన్నది విన్నట్టు తెలుగక్షరాల్లో ట్యాంకు గోడమీద చాక్‌పీసుతో రాసేది. చాక్‌పీసులు నాన్న ల్యాబు నుంచి తెచ్చి పెట్టేవాడు. వాన పడితే చరణాలు కొట్టుకుపోయేవి, ఎండ రాగానే అక్క మళ్ళీ రాసేది, ఆ గోడ చూసి పక్కింటివాళ్ళు మా ఇంట్లో ఏదో మంత్రాలు రాస్తున్నారని కూడా అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేడమీది రేకుల గదిలోకి మింజీ అక్క అద్దెకు దిగింది. కొరియా నుంచి క్యాంపస్‌లో చదువుకోవడానికి వచ్చింది. మా అక్కకు ఆ రోజు కాళ్ళు నేలమీద ఆనలేదు, దేవుడే పంపించాడని వంటింట్లో అమ్మ చెయ్యి పట్టుకొని గిర్రున తిప్పింది. తీరా చూస్తే మింజీ అక్కకు ఆ పాటలంటే గిట్టవు. ఎక్కడికి పోయినా అందరూ తనను అవే పాడమంటారని, అవి తన దేశం పాటలే కావని, ఆఫీసుల్లో కూర్చొని అమెరికా వాళ్ళను చూసి తయారు చేసినవని, తన తల్లి పాడుకునే పాటలు ఎవరూ అడగరని వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పింది. చెబుతూనే మార్కెట్లో కొన్న క్యాబేజీలకు మా గుంటూరు కారం పట్టించి జాడీలో కుక్కేది. ఆ జాడీ వాసనకు మొదట్లో సందంతా ముక్కులు మూసుకుంది. నాయనమ్మ మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకొని నమిలి, ఉప్పు సరిపోలేదని తేల్చి, బదులుగా మామిడికాయ తొక్కు పంపింది.

పక్క వాటాలో ఓబులేశు సారు ఉండేవారు. అనంతపురం మనిషి, క్యాంపస్‌లో చరిత్ర పాఠాలు చెప్పేవారు, అక్కంటే ప్రాణం, అక్కతో వాదనంటే ఇంకా ప్రాణం. సాయంత్రం లుంగీ పైకి కట్టి మొక్కలకు నీళ్ళు పోస్తూ డాబా వైపు తలెత్తి మొదలుపెట్టేవారు.

“ఏం పాటమ్మా అది? బాణీ అమెరికావోళ్లది, మాటలు కొరియావోళ్లవి. అందులో వాళ్ల సొంతం ఏముండాది?”

“ఎవరిదైతేంది సార్, మంచిగున్నది కద,” అనేది అక్క పిట్టగోడమీద వంగి.

సారు నవ్వి, సొంత గొంతు లేని జాతి గురించి ఒక పాఠం చెప్పేవారు. అదే ఇంగ్లిషులో మళ్ళీ చెబితే మింజీ అక్క పైనుంచి తల ఊపేది. ఒకరిది అనంతపురం, ఒకరిది కొరియా, ఆ విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటే మాట. మధ్యలో మా అక్క ఒక్కతే ఆ పాటలను మనస్ఫూర్తిగా ప్రేమించింది.

ఒక ఆదివారం నాయనమ్మ మింజీ అక్కను చర్చికి పిలుచుకొచ్చింది. నాయనమ్మకు ఎంతో ఇష్టమైన పాత కీర్తన మొదలుకాగానే మా పక్కన ఇంకో గొంతు, అదే బాణీ, వేరే మాటలు. చూస్తే మింజీ అక్క కళ్ళు మూసుకొని కొరియా భాషలో పాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. ఆఖరికి అక్క, మింజీ అక్క ఇద్దరే మిగిలి, ఒకరు తెలుగులో ఒకరు కొరియా భాషలో ఆ పాట పూర్తిచేశారు. నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చి, మన పాట అంత దూరం పోయిందని సారుకు చెప్పింది. సారు ఊరుకుంటారా, ఆ బాణీ మీది కాదు వాళ్ళదీ కాదు, తెల్లదొరలు ఓడల్లో తెచ్చిందని వివరించారు.

“తెస్తే తెచ్చిండ్రు సారూ,” అంది నాయనమ్మ. “నా పెండ్లిల గదే పాడిండ్రు, మా ఆయనను మన్నుల వెట్టినప్పుడు గదే పాడిండ్రు. ఇంకెవలది?”

సారు నీళ్ళ మగ్గుతో మళ్ళీ మొక్కల వైపు తిరిగారు గాని ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి మింజీ అక్క మాత్రం రోజూ డాబాకు వచ్చి అక్క నాలుక సరిచేయడం మొదలుపెట్టింది. గోడమీద తెలుగక్షరాలు చదవడం రాకపోయినా, పక్కన కూర్చొని ఒక్కొక్క మాట నెమ్మదిగా పలికి చూపించేది. అక్క ఆ పట్టుదలలో, పాటలో సగానికి పైగా ఉన్న ఇంగ్లిషు ముక్కలను కూడా కొరియా వాళ్ళు పలికినట్టే నేర్చుకుంది. ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్ల, కావాలంటే స్కూల్లో చెప్పినట్టు పలకగలదు, అయినా వాళ్ళెట్లా అన్నారో అట్లానే అనాలని తన పంతం.

ఇదంతా ఎందుకంటే క్యాంపస్‌లో కొరియా పాటల పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళు ఢిల్లీకి, అక్కడా గెలిస్తే కొరియాకు. అక్క అప్పటికి నాంపల్లి దాటి ఎరగదు. పాట నేర్పే బడి ఒకటి కొరియాలో ఉంటుందని, అందులో చేరతానని, పెద్దయ్యాక నన్ను కూడా తీసుకుపోతానని చెప్పేది. అమ్మ తిట్టింది, నాన్న మాత్రం ఫోన్ మొత్తం అక్కకే వదిలేశాడు.

పోటీ రోజు అక్క నల్ల ప్యాంటు మీద నాన్న తెల్ల చొక్కా వేసుకొని, బట్టల ఇస్త్రీపెట్టెతో జుట్టు సాపు చేయించుకుంది. ఇల్లంతా కాలిన వెంట్రుకల వాసన. ఆడిటోరియంలో మేము మూడో వరసలో కూర్చున్నాం. స్టేజీ కింద జడ్జీల బల్ల దగ్గర మన ఓబులేశు సారు, పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన కొరియా పెద్దమనిషి. మింజీ అక్క వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకొని నీళ్ళ సీసాలు అందిస్తోంది. అక్క వచ్చి పాడింది. ఆ పాడడం గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే, నా చెయ్యి నాన్న ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే తరువాత వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంగ్లిషు ముక్కలు వచ్చినచోట హాలంతా నవ్వింది. అక్క అది మెచ్చుకోలు అనుకొని తనూ నవ్వి ఇంకా హుషారుగా పాడింది.

ఫలితాలు చెప్పేటప్పుడు అక్క పేరు ఎక్కడా రాలేదు. చివర్లో మాత్రం, ఒక పాటలో సగానికి పైగా ఇంగ్లిషే ఉన్నందున, పాట కొరియన్‌లోనే ఉండాలన్న నియమం ప్రకారం దాన్ని లెక్కలోకి తీసుకోలేదని మైకులో ప్రకటించారు. కొరియా పల్లెపాట పాడిన ఇంకో అమ్మాయికి బహుమతి ఇచ్చారు, ఆ అమ్మాయి కూడా చక్కగానే పాడింది, ఆమెను అనడానికేమీ లేదు. అక్క జడ్జీల బల్ల దగ్గరికి పోయింది. నేను బ్యాగు పట్టుకొని వెనకే పోయాను.

“వాళ్ళు గట్లనే పాడిన్రు సార్. నేను ఒక్క ముక్క మార్చలే.”

కొరియా పెద్దమనిషి చాలా మర్యాదగా లేచి నిలబడి, తమ దేశపు అసలైన సంగీతాన్ని చూపించాలని ఈ పోటీ పెట్టామని, ఆ పాటలో తమ సొంతం తక్కువని ఇంగ్లిషులో చెప్పాడు. అచ్చం సారు మా పిట్టగోడ కింద నిలబడి రోజూ చెప్పే మాట. సారు ఏదో అనడానికి నోరు తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు. మింజీ అక్క వచ్చి ఆ పెద్దమనిషితో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది, ఆయన ఒక్క మాట అన్నాడు, మింజీ అక్క నడుం వంచి తల దించుకొని పక్కకు తప్పుకుంది. అక్క ఒక్కొక్కరి మొహం వైపూ చూసింది. అందరూ తనను ఇష్టపడేవాళ్ళే, ఒక్కరికీ ఏం చేయాలో తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది గాని, ఏడిస్తే అక్కకు ఇంకా సిగ్గవుతుందని బ్యాగు పట్టీ కొరుక్కుంటూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం సారు జామపళ్ళ సంచితో వచ్చి మా మెట్లమీద కూర్చున్నారు.

“నా మాటే నా నోటికి అడ్డం పడిందమ్మా జ్యోతీ,” అన్నారు.

అక్క మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేయిస్తున్నప్పుడు నాన్న ఆ ట్యాంకు గోడ వదిలెయ్యమని పనివాళ్ళకు చెప్పాడు, అక్క వచ్చి దానికీ వెయ్యమంది. వేశారు. ఆ పండుగకు పాటల గుంపులో అక్క నిలబడలేదు. గొంతు బాగాలేదంది, తరువాత పరీక్షలంది, ఆ తరువాత ఎవరూ అడగడం మానేశారు. నాయనమ్మ చివరి రోజుల్లో మంచంలోంచి, ఒక్కపారి ఆ కీర్తన పాడు బిడ్డా అని అడిగింది. అక్క మంచం పక్కన కూర్చొని, నాయనమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. నాయనమ్మకు అప్పటికి చెవులు సరిగా వినపడవు కనుక పాడిందనే అనుకొని తల నిమిరింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను, అంతే, నా చేతిలో ఏముంది?

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ స్థలంలో అమ్మాయిల హాస్టలు లేచింది. మింజీ అక్క చదువైపోగానే వెళ్ళిపోయింది, సారు రిటైరై అనంతపురం చేరుకున్నారు. మెట్టుగూడ బేకరీలో ఎవరి గిన్నెలూ కాల్చి ఇవ్వరు, నేరేడు చెట్ల దగ్గరికి పోవాలంటే గేటు దగ్గర కార్డు చూపించాలి. మెట్రో స్తంభాల కింద పిల్లలు ఫోను నిలబెట్టుకొని కొరియా పాటలకు గంతులేస్తుంటారు, ఆ పాటల్లో కొన్ని మొదటినుంచి చివరిదాకా ఇంగ్లిషే. లోకమంతా వింటోంది, మీ సొంతమెంత అని వాళ్ళను అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు. మా అక్క ఒక్కతే ఆగిపోయింది.

మొన్నటి ఆదివారం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావది రైల్వే ఉద్యోగం, మెట్టుగూడలో క్వార్టరు. అక్క కూతురు రూబీకి సండే స్కూలు కార్యక్రమంలో ఒక పాట ఇచ్చారట, నేర్పమని తల్లి కొంగు పట్టుకొని లాగుతోంది. ఆ పాట మా చర్చిలో పెరిగిన పిల్లలందరికీ వచ్చు.

“నాకు రాదు బిడ్డా. పిన్ని నేర్పిస్తది, పో,” అంది అక్క, బీన్స్ ముందేసుకొని.

నా గొంతు సంగతి తెలిసి కూడా రూబీని ఒళ్ళో కూర్చోబెట్టుకొని మొదలుపెట్టాను. రెండో చరణంలో పైకి పోవాల్సిన చోట నేను కిందికి జారాను. వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. నేనూ ఆగాను. కాసేపు చూసి, కావాలనే మళ్ళీ అదే చోట తప్పు పాడాను, ఈసారి ఇంకా గట్టిగా, ఇప్పుడన్నా వచ్చి సరిచేస్తుందని. కత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. రూబీ నా మొహంలోకి చూస్తూ, అదే పాట అనుకొని, నేను పాడినట్టే నేర్చుకుంది.